నాన్నగారి గారార్డ్ 401: బాగుచేయించాలా, అమ్మి కొత్తది కొనాలా?

మాడవీధి (చెన్నై) రాశారు:

అందరికీ నమస్కారం. అరవైల చివర్లో నాన్నగారు ఓడలో ఉద్యోగం చేసే మిత్రుడి చేత తెప్పించుకున్న గారార్డ్ 401 టర్న్‌టేబుల్ (రికార్డులు తిప్పి వాయించే యంత్రం) మా ఇంట్లో ఉంది. ఆయన పోయాక పదకొండేళ్లుగా దాని మీది దుప్పటి ఎవరమూ తీయలేదు. వచ్చే నెల మైలాపూరు ఇల్లు ఖాళీ చేసి పెరుంగుడిలో ఫ్లాటుకు మారుతున్నాం. సామాను సర్దుతుంటే అమ్మ వచ్చి, "దీన్ని ఏమి చేయదలుచుకున్నావు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను.

ఉన్నదేమిటో చెబుతాను. గారార్డ్ వాళ్లు 401ని మోటారు, ప్లాటర్ (రికార్డు పెట్టే తిరుగుడు పళ్లెం) వరకే అమ్మేవారు. పెట్టె, చేయి (ముల్లును రికార్డు మీద నిలిపే కడ్డీ) ఎవరికి వారు అమర్చుకోవాలి. నాన్నగారు మందవెల్లి వడ్రంగి చేత టేకు పెట్టె చేయించారు. దాని మీద ఎస్‌ఎంఈ 3009 చేయి, దాని కొసన ష్యూర్ వీ15 కార్ట్‌రిడ్జ్ (ముల్లు కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేది). ముల్లు విరిగిపోయింది. సముద్రపు గాలికి పైకి కనబడే మరలన్నీ తుప్పు పట్టాయి. ప్లాటర్‌ను చేత్తో ఒక్క తిప్పు తిప్పితే మాత్రం చప్పుడు లేకుండా చాలాసేపు తిరుగుతూ ఉంది. రికార్డులు మూడు వందల దాకా ఉంటాయి. తెలుగు సినిమా ఈపీలు, కర్ణాటక సంగీతం ఎల్పీలు, అడుగున ఓ నలభై లక్కప్లేట్లు (ఎల్పీలకు ముందటి, 78 వేగంతో తిరిగే రికార్డులు).

పాత వస్తువులు కొనే ఒకాయన ఫొటోలు చూసి ధర చెప్పారు. ఆ డబ్బుకు ఇంకొంచెం కలిపితే కొత్త టెక్నిక్స్ టర్న్‌టేబుల్ వస్తుంది. యాభై ఏళ్ల నాటి యంత్రం ఇప్పటి వాటి ముందు నిలబడుతుందా? మనసు ఎటు లాగుతుందో నాకు తెలుసు. చెవి ఏమంటుందో తెలియాలి.

ఇంకొక సంగతి. వేగం సరిచేసే మీట పక్కన పెన్సిలుతో రెండు సన్నని గీతలు ఉన్నాయి. ఒకదాని దగ్గర "ఉ", ఇంకొకదాని దగ్గర "సా" అని నాన్నగారి చేతిరాత. "సా" అంటే షడ్జమం అనుకున్నాను. మరి "ఉ" ఏమిటి?

పదహారుబిట్లు (బెంగళూరు) రాశారు:

మాడవీధి గారూ, మీ బాధ అర్థమైంది కానీ మొహమాటం లేకుండా చెబుతాను. ధ్వని కోసమే అయితే అమ్మేయండి.

1982లో వచ్చిన సీడీకే సిద్ధాంతం ప్రకారం 96 డెసిబెళ్ల పరిధి ఉంది. ఎంత మంచి ఎల్పీ అయినా 70 దాటడం కష్టం. వావ్, ఫ్లట్టర్ (తిరిగే వేగం ఊగిసలాడి శ్రుతి చెదరడం) అనే మాటలకు డిజిటల్‌లో అర్థమే లేదు, అక్కడ వేగం క్వార్ట్జ్ గడియారం చేతిలో ఉంటుంది. ఎల్పీ మీద ముల్లు కింద గాడి బయటి అంచున సెకనుకు 50 సెంటీమీటర్ల పైన పరుగెత్తితే, లోపలి అంచుకు వచ్చేసరికి 20 చిల్లరకు పడిపోతుంది. అంటే రికార్డు ఒక వైపు ముగింపుకు వచ్చేకొద్దీ నాణ్యత తగ్గుతుంది. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు, గుండ్రటి పళ్లెం మీద గాడి గీసిన రోజే వచ్చిన లోపం. 401 గొప్ప యంత్రమే, కాదనను. ఐడ్లర్ చక్రం (మోటారుకూ ప్లాటర్‌కూ మధ్య ఒరుసుకుంటూ తిరిగే రబ్బరు అంచు చక్రం) మోటారు వణుకును నేరుగా ప్లాటర్‌కు అందిస్తుందన్నది కూడా కాదనలేని నిజం.

క్వార్ట్జ్‌లాక్ (బెంగళూరు) రాశారు:

పదహారుబిట్లు గారు అంకెలు సరిగానే చెప్పారు. కానీ ప్రశ్న డిజిటలా, రికార్డా అన్నది కాదు. మాడవీధి గారి ఇంట్లో మూడు వందల రికార్డులు ఉన్నాయి. వాటిని దేని మీద వినాలన్నది ప్రశ్న.

నా దగ్గర టెక్నిక్స్ ఎస్‌పీ-10 మార్క్ 2 ఉంది. 1975 నాటిది. మీట నొక్కిన పావు సెకనులో ప్లాటర్ పూర్తి వేగం అందుకుంటుంది. క్వార్ట్జ్ నియంత్రణ కాబట్టి కరెంటు తరచుదనంతో (ఫ్రీక్వెన్సీతో) దానికి పని లేదు. వావ్, ఫ్లట్టర్ 0.025 శాతం. ఇవాళ లక్షలు పోసి కొనే బెల్టు యంత్రాల్లో చాలావాటికి ఈ అంకె అందదు. డైరెక్ట్ డ్రైవ్ (బెల్టు, చక్రం లేకుండా మోటారే నేరుగా ప్లాటర్‌ను తిప్పడం) విషయంలో జపాన్ వాళ్లు డెబ్బైల్లోనే కొండెక్కి కూర్చున్నారని నా గట్టి నమ్మకం. టెక్నిక్స్ వాళ్లు ఎస్‌ఎల్-1200 వరుసను 2010లో ఆపేసి, మళ్లీ 2016లో మొదలుపెట్టారంటేనే ఆ వాడకం చావలేదని తెలుస్తోంది. కొత్త 1200జీలో ఇనుప కోర్ లేని మోటారు పెట్టారు. అది నిజమైన మెరుగుదల, పాత మోటార్లలో ఉండే సన్నని కుదుపు అందులో ఉండదు.

అయినా మీకు చెప్పవలసిన మాట వేరు. నా యంత్రం రెండేళ్ల కిందట ఆగిపోయింది. వేగాన్ని నడిపే ఎంఎన్ 6042 అనే చిప్ పోయింది. ఆ చిప్ తయారీ ఎప్పుడో ఆగిపోయింది. ఎస్పీ రోడ్డులో కొట్టు కొట్టుకూ తిరిగాను, దొరకలేదు. చివరకు చెడిపోయిన ఇంకొక ఎస్‌పీ-10 కొని, దాని గుండె తీసి దీనికి పెట్టాను. మీ 401లో చిప్ అనేదే లేదు. మోటారు, చక్రం, ఇరుసు, స్ప్రింగులు. లేతు మిషను ఉన్న ఊళ్లో అది చావదు. తయారీ ఆగిపోయిన యంత్రాన్ని కొనేటప్పుడు ఎవరైనా ముందు చూడవలసింది శబ్దం కాదు, చెడితే బాగుచేయగలమా అన్నది.

ఎర్తువైరు (చెన్నై) రాశారు:

బాబూ మాడవీధీ, ముందు ఒక మాట. దాన్ని ప్లగ్గులో పెట్టవద్దు. పెట్టి ఉంటే వెంటనే తీసేయండి.

ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ వీధి దగ్గర ముప్పై నాలుగేళ్లు రిపేరు బల్ల ముందు కూర్చున్నవాడిని, 301లు, 401లు, థోరెన్స్ టీడీ 124లు ఈ చేతుల మీదుగా చాలా వెళ్లాయి. పదేళ్లు పడుకున్న యంత్రాన్ని ఆత్రంగా కరెంటుకు కలిపి పాడుచేసినవాళ్లను చూశాను. 401లో స్విచ్చు దగ్గర చిన్న కెపాసిటర్ ఉంటుంది, మెరుపు రాకుండా. అది ముసలిదై షార్టయితే స్విచ్చు ఆపినా మోటారుకు కరెంటు పారుతూనే ఉంటుంది. ముందు దాన్ని మార్చాలి. మోటారు వోల్టేజీ లింకులు 230కి సరిపడా ఉన్నాయో లేదో చూడాలి. ఓడలో వచ్చిందంటున్నారు కాబట్టి ఏ రేవులో కొన్నారో తెలియదు. 60 సైకిళ్ల దేశానిదైతే మోటారు ఇరుసు మీది పుల్లీ కూడా వేరే ఉంటుంది, దానితో ఇక్కడ పాట నెమ్మదిగా సాగుతుంది. ఆ తరవాత ఎర్తు. లోహపు చట్రం ఉన్న పాత యంత్రాన్ని ఎర్తు లేకుండా ముట్టుకోవద్దు.

ఇక మూలబేరింగు, అంటే ప్లాటర్ ఇరుసు తిరిగే చోటు. పాత నూనె జిగురై ఉంటుంది. చేత్తో తిప్పితే తిరుగుతోందని సంబరపడకండి, లోపల ఎండినది ఇరుసును గీస్తుంది. విప్పి, తుడిచి, కొత్త నూనె పోయాలి. ఐడ్లర్ రబ్బరు మీద గోరు నొక్కి చూడండి. గోటి గుర్తు పడి నెమ్మదిగా మాయమైతే బతికి ఉంది. రాయిలా ఉంటే పోయింది. రంబుల్ (పాట అడుగున వినబడే గురగుర) అని అందరూ తిట్టేది చాలాసార్లు ఈ గట్టిపడిన రబ్బరునే, 401ని కాదు.

ఫిడేలు (చెన్నై) రాశారు:

ఎర్తువైరు మాస్టారు చెప్పినవన్నీ చేయించండి. నేను ఆ పెన్సిలు గీతల గురించి రాస్తాను. అది చదవగానే చేతిలో పని పక్కన పెట్టి కూర్చున్నాను.

మీ నాన్నగారి "సా" షడ్జమం కాదనుకుంటాను. ఉదయం, సాయంత్రం.

401 మోటారు వేగం కరెంటు తరచుదనం మీద ఆధారపడుతుంది. మన దగ్గర అది 50 హెర్ట్జ్ ఉండాలి. దక్షిణాది గ్రిడ్డు 2013 డిసెంబరు 31న దేశం గ్రిడ్డుతో కలిసింది. అంతకు ముందు చాలా ఏళ్లు సాయంత్రం దీపాలు వెలిగే వేళకు, అందరూ ఒకేసారి వాడేసరికి తరచుదనం 49 దాకా, ఒక్కోసారి ఇంకా కిందికి కూడా దిగేది. 49 అంటే రెండు శాతం తక్కువ. సంగీతంలో చెప్పాలంటే అర స్వరంలో మూడో వంతు కిందికి జారడం. శ్రుతిజ్ఞానం ఉన్న ఎవరికైనా అది చెవిలో ముల్లు. తెల్లవారుజామున అదే రికార్డు సరైన శ్రుతిలో పాడుతుంది.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. 401 ప్లాటర్ అంచున చుక్కలు ఉంటాయి, నియాన్ దీపం వెలుగులో అవి కదలకుండా నిలబడితే వేగం సరిగ్గా ఉన్నట్టు. కానీ ఆ దీపం కూడా అదే కరెంటుతో మిణుకుతుంది. కరెంటు 49కి పడితే దీపమూ నెమ్మదిస్తుంది, ప్లాటరూ నెమ్మదిస్తుంది, చుక్కలు మాత్రం హాయిగా నిలబడి "అంతా బాగుంది" అంటాయి. కాబట్టి మీ నాన్నగారు చుక్కలను నమ్మలేదు. చెవిని నమ్మి, ఉదయానికి ఒక గీత, సాయంత్రానికి ఒక గీత గీసుకున్నారు.

అమ్మగారిని అడగండి. యంత్రం పక్కన శ్రుతిపెట్టె ఉండేదా?

మాడవీధి రాశారు:

ఉండేది.

అమ్మను అడిగితే ఒక్క క్షణం నా వంక చూసి, "ఆఫీసు నుంచి రాగానే కాళ్లు కడుక్కుని శ్రుతిపెట్టె పట్టుకుని దాని ముందు కూర్చునేవారు. రికార్డు పెట్టుకుని శ్రుతిపెట్టె ఎందుకని నేను అడిగేదాన్ని" అంది. చిన్నప్పుడు నేను చూసిన దృశ్యమే అది. ఆయన సంగీతం నేర్చుకుంటున్నారని అనుకునేవాడిని.

ఫిడేలు గారూ, ధన్యవాదాలు. ఇంతకన్నా రాయలేకపోతున్నాను.

ఎర్తువైరు మాస్టారూ, గోటితో నొక్కి చూశాను. రాయిలాగే ఉంది. శనివారం మీ దగ్గరకు తీసుకురమ్మంటారా?

పదహారుబిట్లు రాశారు:

గీతల సంగతి చదివి నేనూ కదిలాను. కానీ నా మాట మీద నిలబడతాను. ఒక మనిషి ప్రతి సాయంత్రం చెవితో వేగం సరిచేసుకోవలసి వచ్చిందంటే అది ఆయన చెవి గొప్పతనం, యంత్రం గొప్పతనం కాదు.

ఇంకొక ఉదాహరణ. 2022లో మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ వ్యవహారం బయటపడింది. పూర్తిగా అనలాగ్ అని నమ్మి జనం ఎక్కువ ధరకు కొన్న రికార్డులకు మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని తేలింది. అంతవరకు ఆ రికార్డులను "వెచ్చగా ఉన్నాయి, సజీవంగా ఉన్నాయి" అని మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ. ఆ మెట్టును ఏ చెవీ పట్టుకోలేదు. నేను రికార్డుల విలువ తగ్గించడం లేదు. ఆ "వెచ్చదనం" కార్ట్‌రిడ్జ్, ప్రెస్సింగు (రికార్డు అచ్చువేత), ఈక్వలైజేషన్ (రికార్డు కోసేటప్పుడు మార్చిన మంద్ర, తార స్థాయిలను వాయించేటప్పుడు సరిచేయడం)ల నుంచి వస్తుందని, దాన్ని మొత్తంగా డిజిటల్‌లోకి ఎక్కించవచ్చని అంటున్నాను.

నా దగ్గర 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లలో రికార్డు చేసే పెట్టె ఉంది. ఈ నెలాఖరుకు చెన్నై వస్తున్నాను. యంత్రం బాగయితే పట్టుకుని మీ ఇంటికే వస్తాను. విని తేల్చుకుందాం.

కొత్తముల్లు (చెన్నై) రాశారు:

నన్నూ పిలవండి. నా దగ్గర రేగా ప్లానర్ 3 ఉంది, 2016 మోడల్, ఆర్టోఫాన్ 2ఎం బ్లూ కార్ట్‌రిడ్జ్‌తో. వేళచ్చేరి నుంచి కారులో ఒళ్లో పెట్టుకుని తెస్తాను. పోలిక న్యాయంగా ఉండాలంటే రెండు యంత్రాల మీదా ఒకే రకం కార్ట్‌రిడ్జ్ ఉండాలి. లేకపోతే మనం పోల్చేది ముల్లులనే అవుతుంది.

ఎర్తువైరు రాశారు:

విప్పాను. మాడవీధి బాబు కూడా పక్కనే కూర్చున్నాడు.

వోల్టేజీ లింకులు సరిగానే ఉన్నాయి. పుల్లీ 50 సైకిళ్లదే. కెపాసిటర్ ఉబ్బి పక్కన చీలి ఉంది, ప్లగ్గులో పెట్టకపోవడం మంచిదైంది. మూలబేరింగులో నూనె తేనెలాగా చిక్కబడి గోధుమరంగుకు తిరిగింది. తుడిచాక ఇరుసు అద్దంలా బయటపడింది, ఒక్క గీత లేదు. ఇంగ్లండులో గారార్డ్ కర్మాగారం ఉన్న స్విండన్‌లో ఆ రోజుల్లో ఇరుసుకు పట్టించిన మెరుగు అలాంటిది.

ఐడ్లర్ చక్రాన్ని అంబత్తూరులో తెలిసిన లేతు కుర్రాడికి ఇచ్చాను. పాత రబ్బరు తీసి, కొత్తది అతికించి, అంచు పూర్తిగా గుండ్రంగా వచ్చేదాకా చెక్కించాను. మొదటిసారి తెచ్చినది నచ్చక వెనక్కి పంపాను, వెంట్రుకవాసి తేడా ఉన్నా "ధడ్, ధడ్" అని వినబడుతుంది. రెండోది కుదిరింది. చేయిలో కత్తి అంచు బేరింగును శుభ్రం చేసి, లోపలి సన్నతీగలు నాలుగూ మార్చాను. ష్యూర్ వాళ్లు 2018లోనే కార్ట్‌రిడ్జ్‌ల వ్యాపారం మానేశారు. వీ15కు జపాన్‌లో జైకో వాళ్ల ముల్లు దొరుకుతుంది. ప్రస్తుతానికి పోలిక కోసం బాబు కొత్త 2ఎం బ్లూ తెప్పించాడు, అదే బిగించి 1.8 గ్రాముల బరువు పెట్టాను.

ఒక హెచ్చరిక. ఇంట్లో ఇన్వర్టర్ మీద దీన్ని నడపవద్దు. చవకరకం ఇన్వర్టర్ తరంగం చదరంగా ఉంటుంది, మోటారు గుయ్ మంటూ వేడెక్కుతుంది. కరెంటు పోతే పాట ఆపండి.

మాడవీధి రాశారు:

ఆదివారం అందరూ వచ్చారు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఎవరి పక్షమూ వహించను.

ముందుగదిలో రెండు యంత్రాలనూ ఒకే ఫోనో స్టేజికి (కార్ట్‌రిడ్జ్ నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే పెట్టెకు) కలిపాం. పదహారుబిట్లు గారు శబ్దం స్థాయిలను మీటరుతో సమం చేశారు, కాస్త గట్టిగా వినబడేదే చెవికి బాగుందనిపిస్తుందట. మధ్యలో అమ్మ పాత చీర అడ్డం కట్టాం, ఏది నడుస్తోందో వినేవాళ్లకు తెలియకుండా. కొత్తముల్లు గారు చీర వెనక ఉండి మార్చారు.

మొదట కర్ణాటక గాత్రం ఎల్పీ. ఆలాపన మొదలయ్యే ముందు తంబురా ఒక్కటే మోగే చోటు ఉంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే ఒక యంత్రంలో తంబురా వెనక నల్లటి నిశ్శబ్దం. రెండోదానిలో ఎక్కడో దూరాన లారీ నిలబడి ఉన్నట్టు సన్నని గురగుర. నిశ్శబ్దంగా ఉన్నది రేగా. గురగుర 401ది. ఐదుగురం ఐదుగురమూ అదే చెప్పాం. స్పీకర్ల మీద ఆ తేడా దాదాపు వినబడలేదు కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. అక్కడ కొత్తది గెలిచింది.

తరవాత ఘంటసాల గారి ఈపీ. రేగాలో 45కు మార్చాలంటే ప్లాటర్ ఎత్తి బెల్టును చేత్తో పుల్లీ మీది రెండో మెట్టుకు జరపాలి. 401లో మీట తిప్పితే చాలు. ఆ పాట తబలా దెబ్బతో మొదలవుతుంది. ముగ్గురికి 401 మీద ఆ దెబ్బ గట్టిగా, దిటవుగా వినిపించింది. ఇద్దరికి తేడా తెలియలేదు. నేను ఆ ముగ్గురిలో ఒకడిని. నా చెవి మీద నాన్నగారి ప్రభావం ఉందేమోనని ఇంకో రెండుసార్లు చీర చాటున పెట్టించుకున్నాను. రెండుసార్లూ 401నే ఎంచుకున్నాను. మూడుసార్లతో ఏదీ రుజువు కాదని పదహారుబిట్లు గారు అన్నారు. ఆయన అన్నది న్యాయమే.

మొత్తానికి కార్ట్‌రిడ్జ్ ఒకటే అయ్యేసరికి రెండు యంత్రాల మధ్య దూరం నేను అనుకున్న దానిలో పదో వంతు కూడా లేదు. మధ్యలో ఒకసారి ఎర్తువైరు మాస్టారు తనతో తెచ్చిన అరిగిన పాత కార్ట్‌రిడ్జ్‌ను 401కి బిగించి అదే పాట వినిపించారు. అప్పుడు తెలిసింది తేడా అంటే ఏమిటో. "స" కారాలన్నీ ఉమ్మినట్టు వినబడ్డాయి.

మూడోది, పదహారుబిట్లు గారి పరీక్ష. 401 మీద వాయించిన ఎల్పీని ఆయన పెట్టెలోకి ఎక్కించి, మళ్లీ వినిపించారు. నేరుగా వచ్చేది ఏది, పెట్టెలోనిది ఏది? ఎవరికీ తెలియలేదు. ఫిడేలు గారికి కూడా. ఆయన కళ్లు మూసుకుని నాలుగుసార్లు విని, "రెండూ ఒక్కటే, ఇక నన్ను అడగవద్దు" అన్నారు. రికార్డులోని గరగర, 401 గురగుర, ఆ పాత హాలు గాలి, అన్నీ పెట్టెలోకి వచ్చేశాయి. పదహారుబిట్లు గారు గెలిచినట్టు ముఖం పెట్టలేదు. "అందుకే వీటన్నిటినీ ఎక్కించుకోండి" అని మాత్రం అన్నారు.

ఆఖరున లక్కప్లేటు. రేగా పక్కన కూర్చుంది, దానికి 78 వేగం లేదు. 401కి ఉంది. కానీ మాస్టారు 2ఎం బ్లూతో లక్కప్లేటు ముట్టనివ్వలేదు. ఎందుకో ఆయనే రాస్తానన్నారు.

ఎర్తువైరు రాశారు:

ఎల్పీ గాడి సన్నం, దాని ముల్లు కొసా సన్నమే. లక్కప్లేటు గాడి దానికన్నా చాలా వెడల్పు. సన్నముల్లు పెడితే గాడి అడుగుకు దిగబడి, పేరుకున్న మట్టిలో దున్నుకుంటూ పోతుంది. పాట రాదు, ఇసుక శబ్దం వస్తుంది, ముల్లూ పోతుంది. దానికి 65 నుంచి 75 మైక్రాన్ల కొస ఉన్న ముల్లు కావాలి. ఆర్టోఫాన్ వాళ్లదే 2ఎం 78 అని ఉంది, 65 మైక్రాన్లు. మీ చేయికి తలభాగం ఊడదీసి మార్చుకునే వీలుంది కాబట్టి రెండు తలలు పెట్టుకోండి, ఒకటి ఎల్పీలకు, ఒకటి లక్కప్లేట్లకు. కొత్త చేతుల్లో చాలావాటికి ఈ సదుపాయం తీసేశారు, బిగువు కోసం. వాళ్ల కారణం వాళ్లకుంది. మీ అవసరానికి మాత్రం పాతదే మేలు.

క్వార్ట్జ్‌లాక్ రాశారు:

రాలేకపోయినందుకు బాధగా ఉంది. మీ ఫలితం చదివాక నా అభిప్రాయం కొంత మార్చుకుంటున్నాను. తిప్పే పని యాభై ఏళ్ల కిందటే బాగా కుదిరింది. ఆ తరవాత నిజంగా ముందుకు పోయింది ముల్లు చెక్కే విద్య, ఫోనో స్టేజిలో నిశ్శబ్దం. డెనాన్ డీఎల్-103 అనే కార్ట్‌రిడ్జ్ 1962 నాటిది, ఇప్పటికీ తయారవుతోంది, నాకు చాలా ఇష్టం. అయినా ఇవాళ్టి సన్నని కొసల ముందు లోపలి గాడుల్లో అది తడబడుతుందని ఒప్పుకోవాలి.

మీ చేయిని మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. ఎస్‌ఎంఈ వాళ్లు 2019లో చేతులను విడిగా అమ్మడం ఆపేశారు. ఆ తరవాత వాళ్ల చేయి కావాలంటే వాళ్ల టర్న్‌టేబుల్ మొత్తం కొనవలసి వచ్చింది.

ఫిడేలు రాశారు:

లోపలి గాడుల మాట వచ్చింది కాబట్టి ఒక సంగతి. కచేరీ ఎల్పీల్లో మనవాళ్లకు ఇది బాగా దెబ్బ. మన సంగీతం నెమ్మదిగా మొదలై చివర తారస్థాయికి చేరుతుంది. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం), ఆఖరి కోర్వై (దాన్ని ముగించే లయ అల్లిక), మృదంగం మూడుసార్లు తీర్మానం వాయించే చోటు, అన్నీ గాడి ఇరుకైన దగ్గరికే వచ్చి పడతాయి. రికార్డు అరగకపోయినా మోత పగిలినట్టు వినబడేది అందుకే. మంచి ముల్లు పెట్టి, చేయిని సరైన కోణంలో నిలిపితే సగం బాధ పోతుంది. ఖర్చు పెట్టేది ఏదైనా ఉంటే అక్కడ పెట్టండి.

లక్కప్లేట్లను ఎక్కించేటప్పుడు నన్ను పిలవండి. వాటిలో పాతవి సరిగ్గా 78లోనే కోశారన్న నమ్మకం లేదు. విద్వాంసుడి శ్రుతి తెలిస్తే వేగం సరిచేయవచ్చు. ఎల్పీ రోజుల ఈక్వలైజేషన్ కూడా వాటికి వర్తించదు, ఆ లెక్క పదహారుబిట్లు గారు చూసుకుంటారు.

కొత్తముల్లు రాశారు:

నేను ఇంటికి వచ్చి రేగాను మళ్లీ బిగించి విన్నాను. నాకు అదే చాలు, దాని నిశ్శబ్దం నాకు ఇష్టం. కానీ మా తాతగారి లక్కప్లేట్లు రాజమండ్రిలో అటక మీద ఉన్నాయి. సంక్రాంతికి వెళ్లినప్పుడు తెస్తాను. మాడవీధి గారి 401 మీద వాయించవచ్చా?

మాడవీధి రాశారు:

తప్పకుండా తీసుకురండి. నిలువుగా నిలబెట్టి, మధ్యలో అట్టముక్కలు పెట్టి తేవాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే రైలు కుదుపుకు పగులుతాయి.

ధర చెప్పిన ఆయనకు అమ్మడం లేదని కబురు పంపాను. కొత్త టెక్నిక్స్ కొనడం లేదు. ఆ డబ్బులో కొంత 2ఎం 78 ముల్లుకు, కొంత పదహారుబిట్లు గారు చెప్పిన రికార్డింగు పెట్టెకు పోతోంది. వారానికి పది రికార్డులు ఎక్కిస్తే ఏడు నెలల్లో పూర్తవుతాయి. కొత్త ఫ్లాటులో 401 కోసం గోడకు బిగించిన రాతిబల్ల చేయిస్తున్నాను, నేల అదిరినా చేయికి తగలకుండా.

నిన్న సాయంత్రం ఒక పని చేశాను. క్వార్ట్జ్‌తో మిణికే బ్యాటరీ దీపం ఒకటి ఫిడేలు గారి దగ్గర అరువు తెచ్చుకున్నాను. గ్రిడ్డు తరచుదనం ఇప్పుడు 49.90కి, 50.05కి మధ్య ఉంచాలన్నది నియమం కదా, చూద్దామని ఏడున్నరకు, వీధిలో దీపాలన్నీ వెలిగాక, నియాన్ దీపం ఆపి ఈ దీపం వెలుగులో ప్లాటర్ అంచును చూశాను. మీట "సా" గీత దగ్గర పెడితే చుక్కలు ముందుకు పరుగెత్తాయి. నెమ్మదిగా వెనక్కి తిప్పుకుంటూ వచ్చాను. "ఉ" గీతకు వెంట్రుకవాసి ఇవతల నిలబడిపోయాయి. అమ్మ పక్కనే కూర్చుని చూసింది. శ్రుతిపెట్టె తెచ్చి పెట్టమంటావా అని అడిగింది. తెమ్మన్నాను.